రేడియో లైసెన్సు డబ్బు ఎవరి చేతికి పోయింది? 1927–30 నాటి కంపెనీ, సర్కారు తగాదా

వాల్వురేడియో_తెనాలి | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మొన్న ఊళ్ళో అటక దులుపుతుంటే నాన్నగారి రేడియో లైసెన్సు పుస్తకం దొరికింది. అట్ట సగం చెదలు తినేసింది గానీ లోపల పోస్టాఫీసు ముద్రలు చెక్కుచెదరలేదు. ఏడాదికోసారి ఆయన సైకిలెక్కి ఆ పుస్తకం పట్టుకుని పోస్టాఫీసుకి వెళ్ళడం నాకు బాగా గుర్తు. మన డబ్బుతో కొన్న పెట్టెకి ఏటా మళ్ళీ డబ్బు కట్టడమేంటని అడిగితే "గాలి సర్కారుదిరా" అనేవారు.

ఆ మాట ఎప్పుడు మొదలైందో తెలుసుకుందామని వెనక్కి వెళ్తూ వెళ్తూ 1927 దగ్గర ఆగిపోయాను. వారం రోజులుగా అదే ధ్యాస.

రేడియో అంటే మొదటినుంచీ సర్కారుదే అని మనలో చాలామంది అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ దేశంలో పద్ధతి ప్రకారం ప్రసారాలు మొదలుపెట్టింది ఒక ప్రైవేటు కంపెనీ. పేరు ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ. 1926లో బ్రిటిషు ఇండియా ప్రభుత్వంతో ఒప్పందం రాసుకుంది. 1927 జూలై 23న బొంబాయి కేంద్రాన్ని వైస్రాయి ఇర్విన్ ప్రారంభించాడు. ఆగస్టు 26న కలకత్తా కేంద్రాన్ని బెంగాల్ గవర్నరు స్టాన్లీ జాక్సన్ ప్రారంభించాడు. మూడేళ్ళు నిండకుండానే, 1930 మార్చి 1న కంపెనీ దివాలా దారి పట్టింది. ఏప్రిల్ 1 నుంచి అవే యంత్రాలతో, అవే స్టూడియోల్లో సర్కారే నడిపింది.

కంపెనీకి వచ్చే డబ్బు రెండు దారుల్లో. ఒకటి, సెట్టు ఉన్నవాళ్ళు ఏడాదికి కట్టే 10 రూపాయల లైసెన్సులో 80 శాతం. రెండోది, విదేశాల నుంచి దిగే సెట్ల విలువ మీద 10 శాతం. లైసెన్సు రాసేది సర్కారు, వసూలు చేసేది సర్కారు, ఎగ్గొట్టినవాణ్ణి పట్టుకోవాల్సిందీ సర్కారే. కంపెనీ చేతిలో పాట, మాట తప్ప ఏమీ లేదు. డబ్బు చాలడం లేదు, ఆదుకోండి అని అడిగితే అవతలి నుంచి సాయం రాలేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను. ఆ కంపెనీని ముంచింది వినేవాళ్ళు కాదు. పగ్గాలన్నీ తన దగ్గరే పెట్టుకుని, నష్టం మాత్రం కంపెనీకి వదిలేసిన ప్రభుత్వం. మీరేమంటారు?

లెక్కలమాస్టారు_ఒంగోలు | శనివారం, రాత్రి 10:05

మంచి విషయం ఎత్తారు. ముందు అంకెలు చూద్దాం, తర్వాత తప్పొప్పులు.

1927 చివరికి దేశం మొత్తం మీద లైసెన్సులు 3,594. 1928 చివరికి 6,152. 1929 చివరికి 7,775. రెండో ఏడు 2,558 పెరిగాయి, మూడో ఏడు 1,623 మాత్రమే. అంటే మొదటి మోజు తీరిపోయి వేగం తగ్గింది.

బాగా సాగిన 1929నే తీసుకోండి. 7,775 మందీ నిజాయితీగా కట్టారనుకుందాం. కంపెనీ వాటా ఒక్కో లైసెన్సుకి 8 రూపాయలు. మొత్తం 62,200. నెలకి 5,183 రూపాయలు. దాన్ని రెండు కేంద్రాలకి పంచితే ఒక్కోదానికి 2,600 కూడా రాదు. అందులోంచే ఇంజనీర్ల జీతాలు, పాటగాళ్ళు, వాద్యగాళ్ళు, కరెంటు, భవనాల అద్దె, ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న మేనేజరు జీతం.

పెట్టుబడి సంగతి ఇంకా ఘోరం. కాగితం మీద మూలధనం 15 లక్షలు. చేతికొచ్చింది 6 లక్షలు. అందులో నాలుగున్నర లక్షలు కేంద్రాలు కట్టడానికే పోయాయి. మిగిలిన లక్షన్నరతో, పైన చెప్పిన ఆదాయంతో ఎన్నాళ్ళు నడుస్తుంది? ఇల్లు కట్టుకుని బియ్యానికి డబ్బు లేని సంసారం లాంటిది ఇది.

కాబట్టి తెనాలి గారూ, ప్రభుత్వాన్ని అనే ముందు ఇంత చిన్న మూటతో అంత పెద్ద పనికి దిగిన కంపెనీని కూడా అడగాలి.

ముక్కుసూటి_విశాఖ | శనివారం, రాత్రి 11:20

మాస్టారు చెప్పిందే నిజం. నేనింకో అడుగు ముందుకేస్తాను. ఆ కంపెనీ మీద జాలి దేనికండీ? బొంబాయి, కలకత్తా ధనవంతులు గుత్తాధిపత్యం కోసం దిగారు. లాభమొస్తే జేబులో వేసుకునేవాళ్ళు కదా? నష్టమొచ్చేసరికి ప్రజల సొమ్ములోంచి అప్పివ్వమన్నారు. వలస ప్రభుత్వం నాకు చుట్టమేం కాదు, కానీ ఆ పూట ఇవ్వననడం తప్పని నేననను. ఆ డబ్బు ఎవరిది? మన రైతు కట్టిన శిస్తు. మన పల్లెలో ఒక్క చెవికి కూడా చేరని పాటకి మన శిస్తు ఎందుకు పోవాలి?

తరంగం_కాకినాడ | ఆదివారం, ఉదయం 6:48

నేను హ్యామ్ రేడియోవాణ్ణి, అంటే సరదాకి సొంత రేడియో యంత్రంతో సందేశాలు పంపుకునేవాణ్ణి. యంత్రాల వైపు నుంచి ఒక మాట.

ఆ రెండు కేంద్రాలవీ 1.5 కిలోవాట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు. నికరంగా వినపడే దూరం 30 మైళ్ళు, అంటే 48 కిలోమీటర్లు. రాత్రిళ్ళు మీడియం వేవ్ ఆకాశం నుంచి వెనక్కి మళ్ళి ఎక్కడో దూరాన వినిపిస్తుంది, అది నిజమే. కానీ రోజూ దాని మీద ఆధారపడి లైసెన్సు కట్టేవాడు ఉండడు. పైగా మనది వేడి దేశం. ఎండాకాలం, వానాకాలం మొదట్లో ఉరుముల గరగర మీడియం వేవ్‌ని మింగేస్తుంది. ఇప్పటికీ మే నెల సాయంత్రం బల్బుల్లాంటి గాజు వాల్వులున్న పాత సెట్టు పెట్టి చూడండి, తెలుస్తుంది. ఇంగ్లండు వాతావరణానికి సరిపోయే శక్తిని ఇక్కడ తెచ్చి పెట్టారు.

దగ్గరివాళ్ళు క్రిస్టల్ సెట్టుతో వినొచ్చు. దానికి కరెంటు అక్కర్లేదు, గలీనా రాయి మీద సన్నటి తీగ మొన ఆనించి, చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చాలు. కానీ ఊరు దాటితే వాల్వు సెట్టే కావాలి. దానికి బ్యాటరీలు, పొడవాటి ఏరియల్ తీగ, భూమిలో ఎర్తు. వీటికి తోడు దిగుమతి సుంకం. మామూలు గుమాస్తాకి అందే వస్తువు కాదు.

కాబట్టి వినేవాళ్ళు తక్కువ ఎందుకంటే, వినపడే జాగా తక్కువ. జాగా పెంచాలంటే ఇంకా కేంద్రాలు కావాలి, కేంద్రాలకి డబ్బు కావాలి, డబ్బు వినేవాళ్ళ నుంచే రావాలి. ఈ సుడిలోంచి బయటకి లాగాలంటే పైనుంచి ఎవరో ఒకరు చెయ్యందించాలి. రైళ్ళకి అందించారు, టెలిగ్రాఫుకి అందించారు. దీనికి అందించలేదు.

చట్టంచదువరి_బెజవాడ | ఆదివారం, ఉదయం 9:30

తెనాలి గారి నాన్నగారన్న "గాలి సర్కారుది" అనే మాటకి పుట్టుక 1885. ఆ ఏటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం 4వ సెక్షను చదవండి. దేశంలో టెలిగ్రాఫులు స్థాపించే, నడిపే ప్రత్యేక హక్కు ప్రభుత్వానిదే, ఎవరికైనా కావాలంటే షరతులతో లైసెన్సు ఇస్తుంది. తీగ లేని టెలిగ్రాఫు, అంటే రేడియో కూడా ఈ గొడుగు కిందికే వచ్చింది. 5వ సెక్షను ప్రకారం అత్యవసర పరిస్థితి అనుకుంటే లైసెన్సు పొందినవాడి యంత్రాన్ని కూడా ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు. అంటే కంపెనీ తన సొంత డబ్బుతో కట్టుకున్న స్టేషన్లో కూడా కౌలుదారు లాంటిదే.

ఇక అసలు మెలిక. ఆ చట్టం కింద అనుమతి లేకుండా టెలిగ్రాఫు నడపడం, వాడడం నేరం. ఒకడి ఇంట్లో రేడియో సెట్టు ఉందనుకోండి. అది ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. దాన్ని వాడాడని చూపించాలి. పోలీసు వచ్చేసరికి హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టేస్తే ఎలా చూపిస్తారు? దాంతో ఎగవేత ఇష్టారాజ్యంగా సాగింది. దుకాణదారులు తమ 10 శాతం విషయంలోనూ తప్పించుకున్నారు.

ఈ కన్నం పూడ్చాలంటే శాసనం కావాలి. శాసనం చేసే అధికారం ఎవరిది? కంపెనీది కాదు. ఉన్నన్నాళ్ళూ కంపెనీ ఆ కన్నంలోంచి కారిపోతున్న డబ్బు చూస్తూ కూర్చుంది. చివరికి 1933లో ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం చేశారు, 1934 జనవరి 1 నుంచి అమలు. లైసెన్సు లేకుండా సెట్టు దగ్గరుంచుకోవడమే నేరం. మొదటిసారి 100 రూపాయల దాకా జరిమానా, మళ్ళీ దొరికితే 250 దాకా. నీ అధీనంలో ఉన్న ఇంట్లో సెట్టు కనపడితే అది నీ దగ్గరున్నట్టే కోర్టు భావించవచ్చని కూడా రాశారు.

ఇంత శుభ్రమైన చట్టం కంపెనీ మూతపడ్డ తర్వాత, వ్యాపారం తన చేతికొచ్చాక చేసింది ప్రభుత్వం. ముక్కుసూటి గారూ, అప్పు ఇవ్వకపోవడం సరే. పైసా ఖర్చు లేని ఈ పని ముందే ఎందుకు చెయ్యలేదు?

ముక్కుసూటి_విశాఖ | ఆదివారం, ఉదయం 10:02

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అది మాత్రం ప్రభుత్వం తప్పే. ఒప్పుకుంటున్నాను.

కానీ గుత్తాధిపత్యం మాట వెనక్కి తీసుకోను.

చెన్నపట్నం_పెరంబూరు | ఆదివారం, మధ్యాహ్నం 2:15

బొంబాయి, కలకత్తా అంటూనే ఉన్నారు, మద్రాసు ఏమైంది? ఆనాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ కిందే కదా. కంపెనీకి కేంద్రాలు పెట్టింది ఆ రెండు ఊళ్ళలోనే. కానీ కంపెనీ పుట్టకముందే మద్రాసు గాలిలోకి పాట పంపింది.

సి.వి. కృష్ణస్వామి చెట్టి అనే ఆయన పూనికతో 1924 మే 16న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడింది. జూలై 31న ప్రసారాలు మొదలయ్యాయి. కంపెనీ కాదు, లాభం కాదు, ఇష్టం కొద్దీ చందాలు వేసుకుని నడిపిన సంఘం. మూడేళ్ళు లాక్కొచ్చి 1927 అక్టోబరులో డబ్బు లేక ఆపేశారు. ట్రాన్స్‌మిటరును మద్రాసు కార్పొరేషనుకి ఇచ్చేశారు. కార్పొరేషను దాన్ని 1930 ఏప్రిల్ 1న మళ్ళీ మోగించింది. ఢిల్లీ పెద్దలు బొంబాయి, కలకత్తా కేంద్రాలను చేతిలోకి తీసుకున్న రోజూ అదే. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం తెరిచేదాకా మద్రాసుకి దిక్కు ఆ కార్పొరేషను రేడియోనే.

క్లబ్బు చందాతో నడిచింది, ఆగిపోయింది. కంపెనీ వాటాలతో నడిచింది, ఆగిపోయింది. నగర పాలక సంస్థ మాత్రం ఎనిమిదేళ్ళు నడిపింది. విశాఖ గారి వాదనకి ఇది కొంత బలం, తెనాలి గారి వాదనకీ కొంత బలం. ఎలా చూసుకున్నా, ప్రజల సంస్థ ఒకటి వెనక నిలబడితే తప్ప రేడియో బతకలేదు.

మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. చిన్నప్పుడు మెరీనాలో కొమ్ము స్పీకరు కింద ఇసుకలో కూర్చుని పాటలు విన్నానని చెప్పేవారు. లైసెన్సు లేదు, సెట్టు లేదు, అయినా విన్నారు.

వాల్వురేడియో_తెనాలి | ఆదివారం, మధ్యాహ్నం 3:40

పెరంబూరు గారూ, ఆ ఇసుకలో కూర్చున్న పెద్దాయన గురించి ఇంకేమైనా గుర్తుంటే రాయండి. నాకు ఇలాంటివే కావాలి.

దక్కన్_చిరాగలీ | ఆదివారం, సాయంత్రం 5:55

మా దిక్కు కథ వేరే ఉన్నది. నైజాం సంస్థానంల బ్రిటిషోళ్ళ లైసెన్సు లెక్కలు నడవలే. హైదరాబాదుల మహబూబ్ అలీ అనే ఆయన 1933ల చిరాగ్ అలీ గల్లీల 200 వాట్ల చిన్న స్టేషన్ సొంతంగ పెట్టిండు. 1935ల నిజాం సర్కారు దాన్ని తీసుకున్నది. గదే దక్కన్ రేడియో అయ్యింది. ఉర్దూతోటి పాటు తెలుగు, మరాఠీ, కన్నడ ప్రోగ్రాములు కూడ వచ్చేటివి.

అంటే బ్రిటిష్ ఇండియాల అయినా, సంస్థానంల అయినా కథ ఒక్క తీరుగనే నడిచింది. మొదలు ఎవరో ఒకరు పాణం పెట్టి మొదలుపెడ్తరు, వెనుక సర్కారు వచ్చి తీసుకుంటది. ఎందుకు తీసుకుంటదో 1948 సెప్టెంబర్ 17 నాడు అందరికీ సమజయింది. నిజాం యుద్ధం ఆపుతున్ననని చెప్పింది ఆ రేడియోలనే. గంత పెద్ద మాట చెప్పే గొంతును ఏ రాజైనా ఇంకొకని చేతుల ఉంచుతడా?

నిర్వాహకుడు | ఆదివారం, సాయంత్రం 6:10

చర్చ బాగా నడుస్తోంది. 1948 రాజకీయాల్లోకి మళ్ళితే దారి తప్పుతుంది, దానికి వేరే శీర్షిక ఉంది. ఇక్కడ కంపెనీ, లైసెన్సు, రేడియో మీద ఉందాం.

ఖరగ్‌పూర్_తెలుగువాడు | ఆదివారం, రాత్రి 8:30

మా తాత రైల్వే వర్క్‌షాపులో పనికని శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వచ్చాడు. మూడు తరాలుగా ఇక్కడే. కాబట్టి కలకత్తా వైపు నుంచి చెప్పడం నా బాధ్యత.

పైన అందరూ 1930లో ప్రభుత్వం తీసుకుంది అన్నచోట ఆపేశారు. అసలు కథ ఆ తర్వాత ఉంది. ఇండియన్ స్టేట్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్ అని పేరు పెట్టి పరిశ్రమలు, కార్మిక శాఖ కింద ఉంచారు. 1930 చివరికి లైసెన్సులు 7,719. అంటే ముందు ఏడాది కంటే 56 తక్కువ. కంపెనీకి పట్టిన గతే తనకీ పట్టేసరికి ప్రభుత్వం ఏం చేసింది? 1931 అక్టోబరు 9న మూసేస్తున్నామని ఉత్తర్వు ఇచ్చేసింది!

అప్పుడు జనం ఊరుకోలేదు. కలకత్తాలో అయితే గట్టిగా గొడవ లేచింది. సెట్లు కొన్నవాళ్ళు, దుకాణాల్లో సరుకు నిలవున్నవాళ్ళు, పాడేవాళ్ళు, వినేవాళ్ళు అంతా అర్జీలు పెట్టారు. బెంగాలీ కార్యక్రమాలకి అప్పటికే ఇళ్ళలో చోటు దొరికింది. బెంగాలీలో శ్రోతల పత్రిక కూడా 1929 నుంచి వస్తోంది. నెలన్నరకే, నవంబరు 23న ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. 1932 మే 5న ఇక ప్రభుత్వ నిర్వహణలోనే సాగుతుందని తేల్చేశారు.

నాకు ఇందులో నచ్చేదేంటంటే, పదివేల లైసెన్సులు కూడా లేని కాలంలో రేడియో మాది అని జనం అనగలిగారు. కంపెనీ వాటాదారులు అనలేదు, ఢిల్లీ అధికారులు అనలేదు. సాయంత్రం చెవి దగ్గర హెడ్‌ఫోన్ పెట్టుకునే మనిషి అన్నాడు.

లెక్కలమాస్టారు_ఒంగోలు | ఆదివారం, రాత్రి 9:15

ఖరగ్‌పూర్ బాబూ, చాలా మంచి సమాచారం. దాని తర్వాతి అంకెలు నేను చేరుస్తాను.

1932 ఏప్రిల్లో సెట్ల మీద దిగుమతి సుంకాన్ని 25 నుంచి 50 శాతానికి పెంచారు. సుంకం రెట్టింపైతే సెట్లు కొనేవాళ్ళు తగ్గాలి. జరిగింది వేరు. ఆ డిసెంబరులో బీబీసీ లండన్ నుంచి, ఖండాలు దాటి వినిపించే షార్ట్ వేవ్ మీద ఎంపైర్ సర్వీస్ మొదలుపెట్టింది. ఇక్కడున్న తెల్లదొరలు సెట్ల కోసం ఎగబడ్డారు. 1932 చివరికి 8,557 లైసెన్సులు, 1933 చివరికి 10,872, 1934 చివరికి 16,179. ఆ ఆఖరి దూకుడులో బెజవాడ గారు చెప్పిన కొత్త చట్టం పాత్ర కూడా ఉంది. ఎగ్గొట్టేవాళ్ళు దారికొచ్చారు.

16,179ని 8తో గుణిస్తే 1,29,432. అదే చట్టం, అదే లెక్క 1928లో ఉండుంటే కంపెనీ నిలబడేదేమో. నిన్న రాత్రి నేను కంపెనీని తప్పుపట్టాను. చిన్న మూటతో దిగడం తప్పే, అందులో మాట మార్చను. కానీ దాని గొంతు మీద వేలు పెట్టింది ప్రభుత్వమే అన్న తెనాలి గారి మాటకి ఇప్పుడు నా మొగ్గు పెరిగింది.

ముక్కుసూటి_విశాఖ | సోమవారం, ఉదయం 7:05

మాస్టారూ, మీ లెక్కలోనే నా వాదన ఉంది. 1930లో, 31లో ప్రభుత్వం స్వయంగా నడిపినా నష్టమే. మూసేద్దామనే దాకా వెళ్ళింది. అంటే కంపెనీని కావాలని ముంచారనడం కుదరదు. వాళ్ళకి రేడియో మీద పట్టింపే లేదు. కుట్రకి కూడా కాస్త శ్రద్ధ కావాలండీ. పెంచాలనీ లేదు, చంపాలనీ లేదు.

వాల్వురేడియో_తెనాలి | సోమవారం, ఉదయం 8:20

విశాఖ గారూ, ఈ మాట నన్ను రాత్రంతా ఆలోచించమంటుంది. కుట్ర అని నేననలేదు గానీ, నా మొదటి పోస్టులో ఆ వాసన ఉంది, నిజమే.

కానీ పట్టింపు లేదన్నదాన్ని ఒప్పుకోలేను. దేని మీద పట్టింపు లేదు? వినేవాడి మీద. అధికారం మీద పట్టింపు నిండుగా ఉంది. బ్రిటన్‌తో పోల్చి చూడండి. అక్కడ కూడా 1922లో మొదలైంది ప్రైవేటు కంపెనీయే, సెట్లు తయారుచేసేవాళ్ళు కలిసి పెట్టుకున్న బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ. 10 షిల్లింగుల లైసెన్సులో సగం, అమ్మిన సెట్ల మీద వాటా. అక్కడా ఎగవేత, అక్కడా రచ్చ. కమిటీలు వేశారు, విచారించారు, పద్ధతులు మార్చారు. చివరికి 1927 జనవరి 1న కంపెనీని తీసేసి ప్రజా కార్పొరేషను చేశారు. అప్పటికి అక్కడ లైసెన్సులు 20 లక్షలు దాటాయి.

తమ దేశంలో పనికిరాదని 1927 జనవరిలో వదిలేసిన కంపెనీ పద్ధతినే అదే ఏడాది జూలైలో మనకి తగిలించారు. తమ ఇంట్లో నాలుగేళ్ళలో నేర్చుకున్న పాఠం ఓడెక్కి ఇక్కడికి రాలేదు. నాకు కోపం వచ్చేది అందుకే.

చట్టంచదువరి_బెజవాడ | సోమవారం, ఉదయం 8:55

తెనాలి గారి పోలిక సరైనది. బీబీసీ కార్పొరేషనుకి రాజ శాసనం ఇచ్చారు, ప్రభుత్వ శాఖ కింద పెట్టలేదు. మనకి 1930లో ఆ అవకాశం వచ్చింది, పోయింది. కంపెనీ చేతిలోంచి నేరుగా సర్కారు శాఖలోకి పడ్డాం. ఆ శాఖలోంచి బయటపడటానికి స్వతంత్రం వచ్చిన తర్వాత కూడా యాభై ఏళ్ళు పట్టింది. ఆకాశవాణి, దూరదర్శన్‌లను సర్కారు శాఖ నుంచి విడదీసే ప్రసార భారతి చట్టం 1990లో చేసి 1997లో అమలు చేశారు.

గాలి ఎవరిదన్న ప్రశ్నకి జవాబు 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు చెప్పింది. బెంగాల్ క్రికెట్ సంఘం మ్యాచ్ ప్రసారాల కేసు. తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వ గుత్తాధిపత్యానికీ ప్రైవేటు గుత్తాధిపత్యానికీ అవి లోబడి ఉండకూడదు అన్నారు. ఆ కేసు కూడా నడిచింది మన 1885 చట్టం 4వ సెక్షను చుట్టూనే.

కొత్తసభ్యురాలు_అనంతపురం | సోమవారం, మధ్యాహ్నం 1:30

నమస్తే అండీ, నేను ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను, ఇక్కడ ఇదే మొదటి పోస్టు. అదే సమయంలో ఇండియన్ రేడియో టెలిగ్రాఫ్ కంపెనీ అని ఇంకో పేరు కనిపిస్తోంది. ఇదీ అదీ ఒకటేనా? నా నోట్సులో రెండూ కలిసిపోయాయి.

తరంగం_కాకినాడ | సోమవారం, సాయంత్రం 4:12

అమ్మా, రెండూ వేరు. అడగడం మంచిదైంది, చాలామంది కలిపేస్తారు.

మీరు చెప్పినది మార్కోనీ వారి పద్ధతిలో ఇంగ్లండుకి వైర్‌లెస్ తంతులు పంపే కంపెనీ. బీమ్ సర్వీస్ అనేవారు. తరంగాన్ని నలుదిక్కులా చిమ్మకుండా టార్చిలైటు వెలుగులా ఒకే దిక్కుకి తిప్పి పంపడం. షార్ట్ వేవ్ కాబట్టి తక్కువ శక్తితో ఖండాలు దాటుతుంది. పుణె దగ్గర ఖడ్కీలో పంపే స్టేషను, దౌండ్‌లో అందుకునే స్టేషను. 1927లోనే మొదలైంది.

ఇందులో తగాదా ఇంకో రకం. సముద్రం అడుగున తీగలు వేసుకున్న కేబుల్ కంపెనీలకి ఈ బీమ్ దెబ్బ కొట్టింది. చవక, వేగం. కేబుళ్ళు పోతే యుద్ధమొచ్చినప్పుడు ఇబ్బంది అని సామ్రాజ్యం భయపడింది. 1928లో లండన్‌లో సమావేశం పెట్టి, 1929లో కేబులునీ వైర్‌లెస్‌నీ ఒకే కంపెనీగా ముడేశారు. ఇక్కడ కూడా అదే దారిలో 1932లో ఇండియన్ రేడియో అండ్ కేబుల్ కమ్యూనికేషన్స్ కంపెనీ అయింది. 1947 జనవరి 1న భారత ప్రభుత్వం దాన్ని తీసుకుని ఓవర్సీస్ కమ్యూనికేషన్స్ సర్వీస్ చేసింది. తర్వాత విదేశ్ సంచార్ నిగమ్ అయింది అదే.

బీమ్ దెబ్బ తిన్న కేబుల్ కంపెనీలని నిలబెట్టడానికి సామ్రాజ్యం మొత్తం సమావేశమైంది. మనవాళ్ళు పాటలు వినే కంపెనీకి ఒక్క చట్ట సవరణ కూడా జరగలేదు. విశాఖ గారు, పట్టింపు దేని మీద ఉందో ఇక్కడ తెలుస్తుంది చూడండి.

కొత్తసభ్యురాలు_అనంతపురం | సోమవారం, సాయంత్రం 4:40

చాలా థాంక్స్ అండీ. నోట్సు రెండు పేజీలుగా విడగొట్టేశాను.

ముక్కుసూటి_విశాఖ | సోమవారం, రాత్రి 9:00

చూశాను, కాకినాడ గారూ. వ్యాపారుల తంతికి ఉన్న విలువ మనవాడి చెవికి లేదు. ఇది నా వాదనలోకి కూడా ఇముడుతుంది, మీ వాదనలోకి కూడా. ఇక నేను పేచీ పెట్టను.

ఒక్కటి మాత్రం గట్టిగా అంటాను. ఆ కంపెనీ బతికి ఉంటే మన ఊళ్ళకి రేడియో వచ్చేదని ఎవరూ అనుకోకండి. బెజవాడలో కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది, దేశం మనదయ్యాక. ఏ కంపెనీ లాభం చూసుకుని అక్కడ పెట్టేది కాదు.

పోస్టుమాస్టరు_రాజాం | మంగళవారం, ఉదయం 10:25

మూడు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. నేను పోస్టాఫీసు కౌంటరులో రేడియో లైసెన్సులు రాసినవాణ్ణి. 1970లలో ఉద్యోగంలో చేరాను.

బెజవాడ వకీలు గారు చెప్పిన 1933 చట్టం మా చేతుల మీదుగానే నడిచేది. ప్రతి లైసెన్సుకీ రిజిస్టరులో పేరు, ఊరు, సెట్టు మోడలు. గడువు దాటితే సర్‌చార్జీ. తనిఖీకి వెళ్ళినప్పుడు ముందు ఇంటి కప్పు చూసేవాళ్ళం, ఏరియల్ జాలీ కనిపిస్తుందేమోనని. ట్రాన్సిస్టర్లు వచ్చాక అదీ పోయింది, పొలం గట్టు మీద కూడా మోగేవి. వితంతువొకామె రెండేళ్ళ బకాయి కట్టలేక సెట్టు తెచ్చి కౌంటరు మీద పెట్టేసింది, తీసుకెళ్ళిపోండి బాబూ అని. పాటలు వినే పెట్టె అది. ఆ రోజు ఆమె బకాయి మా ఆఫీసులో నలుగురం కలిసి కట్టాం. 1980లలో లైసెన్సు ఎత్తేసినప్పుడు నాకంటే సంతోషించినవాడు ఉండడు.

తెనాలి బాబూ, మీ నాన్నగారి పుస్తకం చెదలు పట్టిందన్నారు. వేపాకు పొడి చల్లి, పలచటి కాగితం మధ్య పెట్టి, గాలి ఆడే చోట ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో మాత్రం కట్టొద్దు, చెమ్మ పట్టి సిరా అలికిపోతుంది. లోపలి పేజీల్లో గుండ్రటి ముద్ర మధ్యలో తారీఖు, చుట్టూ ఆఫీసు పేరు ఉంటాయి. వీలైతే మొదటి పేజీ ఫొటో పెట్టండి, ఇంటి వివరాలు కప్పేసి. సెట్టు మోడలు రాసిన గడి చూడాలని ఉంది.

వాల్వురేడియో_తెనాలి | మంగళవారం, ఉదయం 11:50

పోస్టుమాస్టరు గారూ, మీకు పాదాభివందనం. వేపాకు ఇప్పుడే కోసి ఎండబెట్టాను. మొదటి పేజీలో సెట్టు గడిలో నాలుగు వాల్వులని రాసి ఉంది, కంపెనీ పేరున్న చోట చెద తినేసింది. ఆ సెట్టు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, చిన్న వాల్వొకటి మార్చితే బెజవాడ పలుకుతుంది. సాయంత్రం వెలుతురు తగ్గకముందే ఫొటో తీసి ఇక్కడ పెడతాను.